కుడివైపు గుండె, కాటు కనపడని పాము, ఉబ్బసం కాని పిల్లికూతలు

పాఠకుల ప్రశ్నలు - వైద్యుల జవాబులు

అరుదుగా కనపడే జబ్బుల మీద ప్రశ్నలు రాయమని కిందటి సంచికలో అడిగాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఊళ్లు ఉంచి పేర్లు తీసేశాం. మందుల మోతాదులు రాసిన చోట, ఆసుపత్రిలో వైద్యం ఏ లెక్కన సాగుతుందో మీకు తెలియాలనే రాశాం. వాటిని చీటీలా పట్టుకుని మందుల షాపుకి వెళ్లకండి.

ప్రశ్న: మా చిన్నాన్నకి 45 ఏళ్లు. జూలైలో పొలం పాకలో చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అని లేచాడు. గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చాం. ఎండెక్కేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. ఒకచోట పక్షవాతం అన్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఊపిరి ఆడక వెంటిలేటరు పెట్టారు. లైటు వేసినా కంటిపాప కదలటం లేదని విని ఇంట్లో అందరం ఆశ వదిలేశాం. అయిదో రోజున కాలివేలు కదిపాడు, ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. ఒంటిమీద కాటు లేకుండా కట్లపాము అని ఎలా తేల్చారు? మంచం పక్కన మేం ఏడ్చినవీ, మాట్లాడుకున్నవీ అన్నీ వినపడ్డాయంటున్నాడు. నిజమేనా?
(రణస్థలం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ చిన్నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. కట్లపాము విషం మెదడుని పాడు చెయ్యదు. నరం చివర కండరాన్ని తాకే చోట దెబ్బకొడుతుంది. తెలివి, వినికిడి, నొప్పి అన్నీ ఉంటాయి. రెప్ప ఎత్తాలన్నా వేలు కదపాలన్నా కండరం మాత్రం కదలదు. కంటిపాపని చిన్నది చేసేదీ ఒక కండరమే కాబట్టి అదీ పడిపోతుంది. టార్చి వేసినా పాప పెద్దదిగానే ఉండిపోతుంది. తలకి దెబ్బ తగిలిన మనిషిలో ఇది చాలా చెడ్డ గుర్తు. కట్లపాము రోగిలో దీనికి ఏ విలువా లేదు. పాముకాటు అనుమానం ఉన్నంతవరకు మెదడు మరణం లెక్కలు వెయ్యనేకూడదు.

కాటు కనపడకపోవడం వింతేమీ కాదు. ఈ పాము కోరలు పొట్టిగా, సన్నగా ఉంటాయి. వాపు రాదు, మంట ఉండదు. నిద్రలో ఉన్నవాడు దోమ కుట్టిందనుకుని పక్కకి తిరిగి పడుకుంటాడు. కట్లపాము రాత్రిపూట తిరిగేది. ఎలకల కోసమో కప్పల కోసమో పాకలోకి వచ్చి, నేలమీద పడుకున్న మనిషి చెయ్యి తగిలితే కరుస్తుంది. నేలమీద పడక, తెల్లవారుజామున కడుపునొప్పి, రెండు రెప్పలూ ఒకేసారి వాలడం, ఒంటికి ఎక్కడా వాపు లేకపోవడం, మనిషి తెలివిలోనే ఉండడం: ఈ అయిదూ కలిస్తే పామును చూడకపోయినా వైద్యం మొదలుపెట్టొచ్చు. పక్షవాతమైతే సాధారణంగా ఒక పక్కే పడిపోతుంది. ఇక్కడ పైనుంచి కిందికి రెండు పక్కలా సమానంగా దిగుతుంది: ముందు రెప్పలు, తర్వాత మింగడం, మెడ, ఆఖరికి ఊపిరి. రక్తం గడ్డకట్టకుండా చేసే రక్తపింజరి కాటేమోనని 2 మిల్లీలీటర్ల రక్తం పొడి గాజుగొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. కట్లపాము కాటులో ఆ రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. ఆ పరీక్ష బాగుందని పాముకాటు కాదనుకుంటే మోసపోతాం.

విరుగుడు మందు మొదటి మోతాదు 10 సీసాలు, అంటే 100 మిల్లీలీటర్లు. పిల్లలకీ అంతే, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి బరువుని బట్టి తగ్గదు. మరి మందు ఇచ్చాక కూడా వెంటిలేటరు దాకా ఎందుకు వెళ్లింది? ఈ మందు రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. అప్పటికే పాడైన నరం కొసని బాగుచెయ్యలేదు. ఆ కొస మళ్లీ చిగురించాలి, దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నాగుపాము కాటులో బాగా పనిచేసే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇక్కడ అంతగా పనిచెయ్యకపోవడానికీ కారణం ఇదే. అందాకా ఊపిరి నిలబెట్టేది మిషనే.

ఇలాంటిది మళ్లీ ఎదురైతే ఇంట్లోవాళ్లు చూడగలిగినవి మూడున్నాయి. ఒక నిమిషంపాటు పైకి చూడమనండి, రెప్పలు జారుతున్నాయేమో తెలుస్తుంది. తలగడ మీంచి తల ఎత్తమనండి. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించండి. అరగంట క్రితం 25 దాకా చెప్పినవాడు ఇప్పుడు 12 దగ్గర ఆగిపోతే ఇక క్షణం ఆలస్యం చెయ్యకూడదు. 108 వచ్చేలోగా ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, లేకపోతే మింగలేని లాలాజలం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో నీళ్లుగానీ పసరుగానీ పొయ్యొద్దు. కట్లు బిగించొద్దు, కొయ్యొద్దు. వెంటిలేటరు మీద ఉన్న మనిషి దగ్గర ఏం మాట్లాడాలో మీ చిన్నాన్నగారే చెప్పారు కదా. ఇది ఏ రోజు, ఎన్ని గంటలు, ఎందుకు కదలలేకపోతున్నాడు అన్నది చెవిలో చెప్పండి. రెప్పలు పూర్తిగా మూతపడవు కాబట్టి కళ్లు ఎండిపోకుండా చుక్కలు వెయ్యమని నర్సుని అడగండి. వానాకాలంలో పాకలో పడుకోక తప్పనివాళ్లు చాప కిందికి అంచులు దోపిన దోమతెరలో పడుకుంటే ఈ పాము బెడద చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఉద్యోగం కోసం వైద్య పరీక్షకి వెళ్తే ఈసీజీ రెండుసార్లు తీశారు, తీగలు తారుమారయ్యాయేమో అని. తర్వాత ఎక్స్-రే చూసి గుండె కుడివైపు ఉందన్నారు. స్కాన్‌లో కాలేయం ఎడమవైపు, ప్లీహం కుడివైపు. నాకు ఏ బాధా లేదు. ఇంట్లో మేనరికం మాట నడుస్తోంది. ఇది జబ్బేనా?
(బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: జబ్బు కాదు. లోపలి అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నాయి. దీన్ని సైటస్ ఇన్‌వర్సస్ టోటాలిస్ అంటారు. సుమారు 10 వేల మందిలో ఒకరికి ఉంటుంది. అన్నీ కలిసి తిరగబడ్డాయి కాబట్టి ఒకదానికొకటి సరిగ్గానే అమరి ఉంటాయి. కాలేయం మామూలు చోటే ఉండి గుండె ఒక్కటే కుడివైపుంటే అప్పుడు పుట్టుకతో గుండె లోపాల కోసం గట్టిగా వెతకాలి. మీరు కూడా ఒకసారి ఎకో (గుండె స్కాన్) చేయించుకోండి, చాలు.

ఈసీజీ తీసినవారు అనుమానించింది సబబే. చేతుల తీగలు తారుమారైనా ఈసీజీలో చేతుల మధ్య తీసే గీత, అంటే మొదటి లీడ్‌లో అన్నీ తలకిందులుగానే కనపడతాయి. తేడా ఛాతీ మీది లీడ్లలో ఉంటుంది. తీగల తప్పయితే ఛాతీ మీది ఆరు లీడ్లలో వి1 నుంచి వి6కి వెళ్లేకొద్దీ గీతలో అల ఎత్తు మామూలుగానే పెరుగుతుంది. గుండె నిజంగా కుడివైపుంటే అది తగ్గుతూ పోతుంది. అప్పుడు చేతి తీగలు మార్చి, ఛాతీ బిళ్లలు కుడివైపు పెట్టి మళ్లీ తీస్తే అసలు ఈసీజీ వస్తుంది. ఎక్స్-రే తిరగేసి చూశారా అన్న అనుమానం తీరాలంటే ఫిల్ము మీది ఎడమ-కుడి గుర్తునీ, జీర్ణాశయం గాలిబుడగ ఎటుందో దాన్నీ కలిపి చూడాలి.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వేరే జబ్బు వచ్చినప్పుడు. మీకు అపెండిక్స్ వాస్తే నొప్పి ఎడమ పొత్తికడుపులో వస్తుంది. పిత్తాశయంలో రాయి నొప్పీ ఎడమ డొక్కలోనే. గుండెపోటు నొప్పి కుడి భుజానికి పాకొచ్చు. తెలియని డాక్టరు ఇవేవీ కాదనుకునే ప్రమాదం ఉంది. అందుకని రిపోర్టు నకలు ఫోనులో ఉంచుకోండి, 'నా అవయవాలు తిరగబడి ఉన్నాయి' అని ఒక చీటీ పర్సులో పెట్టుకోండి. శస్త్రచికిత్స వస్తే సర్జను నిలబడే వైపు, పరికరాలు దూర్చే చోట్లు అన్నీ మార్చుకోవాలి కాబట్టి ముందే తెలియాలి.

ఒక్క ప్రశ్నకి మీకు మీరే జవాబు చెప్పుకోండి: చిన్నప్పటి నుంచి ఎడతెగని జలుబు, సైనస్, కఫంతో దగ్గు ఉన్నాయా? ఉంటే అది కార్టజెనర్ సిండ్రోమ్ కావచ్చు. 1933లో మానెస్ కార్టజెనర్ వివరంగా రాసిన జబ్బు ఇది. శ్వాసనాళాల్లో కఫాన్ని ఊడ్చే సన్నని నూగు కదలదు. వీర్యకణం తోకదీ అదే నిర్మాణం కాబట్టి మగవాళ్లలో సంతానం కష్టమవుతుంది. దగ్గు, సైనస్ లేకపోతే ఈ భయం అక్కర్లేదు. ఉంటే వీర్యపరీక్ష ఒకటి చేయించుకుని, ఫలితం పెళ్లికి ముందే అవతలివాళ్లకి చెప్పండి. ఈ సిండ్రోమ్ ఎక్కువగా తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో లోపపు జన్యువు కలిస్తేనే వస్తుంది, కాబట్టి మేనరికం మానుకుంటేనే మేలు.

ప్రశ్న: మా గుంటడికి రెండున్నరేళ్లు. రెండు నెలలుగా దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసం అని నెబ్యులైజరు పెట్టారు. రెండుసార్లు నిమోనియా అని ఇంజెక్షన్లు అయ్యాయి. ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు. ఇప్పుడు వేరే డాక్టరుగారు గొట్టం వేసి చూడాలంటున్నారు. ఎక్స్-రేలో లేనిది గొట్టంలో ఎలా కనపడుతుంది?
(ఆమదాలవలస నుంచి ఒక తల్లి)

జవాబు: కనపడుతుందమ్మా. వేరుశనగ పిక్క, చింతపిక్క, జీడిపప్పు ముక్క ఎక్స్-రేకి అడ్డం పడవు, కాబట్టి ఫిల్ము మీదికి రావు. నాణెం, మేకు, గుండుసూది అయితేనే తెల్లగా తెలుస్తాయి. ఫిల్ములో వెతకాల్సింది పిక్కని కాదు, అది చేసిన పనిని. నాళంలో ఇరుక్కున్న పిక్క పక్కనుంచి గాలి లోపలికి పోతుంది, ఊపిరి వదిలేటప్పుడు నాళం సన్నబడి గాలి బయటికి రాదు. ఆ పక్క ఊపిరితిత్తి బెలూనులా ఉబ్బి ఉండిపోతుంది. మామూలు ఎక్స్-రే ఊపిరి పీల్చినప్పుడు తీస్తారు, అప్పుడు రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. ఊపిరి వదిలినప్పుడు ఇంకొకటి తీస్తే తేడా బయటపడుతుంది. అంత చిన్నపిల్లవాడు చెప్పినట్టు ఊపిరి వదలడు కాబట్టి ఒక పక్కకి పడుకోబెట్టి తీస్తారు. కింది పక్క ఊపిరితిత్తి కుంచించుకుపోవాలి. ఉబ్బే ఉంటే తప్పు అక్కడే.

ఇప్పుడు మీరొకటి గుర్తు తెచ్చుకోవాలి. ఈ దగ్గు మొదలవడానికి ముందు ఎప్పుడైనా ఏదో తింటూ, ఆడుతూ, నవ్వుతూ పిల్లవాడికి గట్టిగా పొలమారిందా? మొహం నీలంగా అయి, దగ్గి దగ్గి, ఆపైన సర్దుకున్నాడా? మన ఇళ్లలో పొలమారితే ఎవరో తలుచుకున్నారని నెత్తిమీద తట్టి ఊరుకుంటాం. అసలు ఆధారం అక్కడే పోతుంది. పిక్క నాళంలో కుదురుకున్నాక కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు ఏ బాధా ఉండదు. ఆ తర్వాత వచ్చే దగ్గుని ఎవరూ దానితో ముడిపెట్టరు. ఒకే పక్క పిల్లికూత, ఒకే చోట మళ్లీమళ్లీ నిమోనియా అంటే ఉబ్బసం అనుకోవడానికి లేదు. ఉబ్బసం రెండు పక్కలా కూస్తుంది.

చేసేది బ్రాంకోస్కోపీ. పూర్తి మత్తులో, నోటిగుండా గట్టి లోహపు గొట్టం దించి, దానిలోంచే ఊపిరి అందిస్తూ, పట్టకారుతో పిక్కని పట్టి గొట్టంతో సహా బయటికి లాగుతారు. రెండు నెలల పిక్క అయితే నాని ఉబ్బి, మెత్తబడి, ముట్టుకుంటే ముక్కలవుతుంది. దాని నూనెకి నాళం పొర వాచి చుట్టూ కండ పెరుగుతుంది. అందుకే ఆలస్యమైన కొద్దీ కష్టం. ముక్క మిగిలిందనిపిస్తే రెండోసారి కూడా చూస్తారు, అది డాక్టరు చేతకానితనం కాదు. మరునాడు ఎక్స్-రే తీసి ఊపిరితిత్తి విచ్చుకుందో లేదో చూస్తారు.

ఇంకెప్పుడైనా పొలమారితే: పిల్లవాడు గట్టిగా దగ్గగలుగుతుంటే వాణ్ణి దగ్గనివ్వండి, అంతకు మించిన వైద్యం లేదు. శబ్దమే రాకపోతే ముందుకి వంచి భుజాల మధ్య అరచేతి కింది గట్టిభాగంతో 5 దెబ్బలు, ఆపైన వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి కాస్త పైన 5 సార్లు లోపలికి, పైకి నొక్కండి. ఏడాది నిండనివాళ్లకి పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పెట్టి 5 దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యలో 5 నొక్కులు. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, లోపలికి పోతుంది. అయిదేళ్లు వచ్చేదాకా పిక్కలు, పప్పులు పొడి చేసే పెట్టండి.

ప్రశ్న: మా నాన్నకి 52 ఏళ్లు, షుగరు పదేళ్లుగా ఉంది. ఊడ్పులయ్యాక జ్వరం పట్టుకుంది, మనిషి చిక్కిపోయాడు. ఛాతీ ఎక్స్-రే చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. నెలయినా జ్వరం దిగలేదు. స్కాన్‌లో ప్లీహంలో చీముగడ్డలు కనపడ్డాయి. రక్తంలో క్రిములని పెంచి చూసే కల్చరు పరీక్షలో బర్కోల్డేరియా సూడోమాలియై అని వచ్చింది. రెండు వారాలు ఇంజెక్షన్లయ్యాక, ఇప్పుడు డబుల్ స్ట్రెంగ్త్ కోట్రైమాక్సజోల్ మాత్రలు పూటకి రెండు, రోజుకి నాలుగు, మూడు నెలలు వాడమన్నారు. జ్వరం పోయింది, ఆకలి వేస్తోంది. ఇన్ని మాత్రలు ఇంకా ఎందుకు?
(రాజాం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆపొద్దు. ఈ జబ్బు పేరు మెలియాయిడోసిస్. దీని చెడ్డతనమంతా తిరగబెట్టడంలోనే ఉంది. ఈ బాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది. ఇంజెక్షన్లు ప్రాణం నిలబెడతాయి, వేళ్లు తీసేది మాత్రలే. ఇంజెక్షన్ల దశ కనీసం 10 నుంచి 14 రోజులు: సెఫ్టాజిడిమ్ 2 గ్రాములు 6 గంటలకొకసారి, లేదా మెరోపెనెమ్ 1 గ్రాము 8 గంటలకొకసారి. లోపల చీముగడ్డలుంటే 4 వారాలదాకా సాగిస్తారు. నాన్నగారికి గడ్డలున్నాయి కాబట్టి, రెండు వారాలకి ఆపేముందు మళ్లీ స్కాన్ తీశారా అని డాక్టరుని అడగండి. మాత్రల దశ కనీసం 3 నెలలు. మెదడుకో ఎముకకో పాకితే 6 నెలలు. మీరు చెప్పిన రోజుకి నాలుగు 60 కిలోలు దాటినవారి మోతాదు. చిక్కిపోయారంటున్నారు కాబట్టి బరువు తూచి మళ్లీ లెక్క చూడమనండి.

ఈ సూక్ష్మజీవి తడిమట్టిలో, బురదనీళ్లలో బతుకుతుంది. ఊడ్పుల్లో కాలి పగుళ్ల నుంచో చేతి గాట్ల నుంచో లోపలికి పోతుంది, గాలివానలో తుంపర్లతో ఊపిరిలోకీ పోతుంది. ఎక్కువగా దొరికిపోయేది షుగరున్నవాళ్లే. వానాకాలం, వరిమడి, షుగరు, తగ్గని జ్వరం: ఈ నాలుగూ ఒకే మనిషిలో కనపడితే టీబీతోపాటు ఇదీ డాక్టరు మనసులో మెదలాలి. ఆయన మడిలో దిగుతాడన్న మాట ఆసుపత్రిలో ఎవరూ అడగకపోయినా మీరే చెప్పాలి. చీటీలో వృత్తి రాసే గడి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. 1912లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మొదట లోకానికి చెప్పింది రంగూన్‌లో. ఉత్తరాంధ్ర నుంచి వేలమంది ఓడలెక్కి కూలికెళ్లిన ఊరు అది. అయినా మన దగ్గర ఈ పేరు తెలిసినవాళ్లు తక్కువే.

ఎందుకు తప్పిపోతుందో కూడా వినండి. కఫంలో టీబీ క్రిమి కనపడకపోయినా ఎక్స్-రే నీడని బట్టి మందులు మొదలవుతాయి. కల్చరు పంపినా, ల్యాబులో 'సూడోమోనాస్ జాతి' అనో, బయటి మురికి కలిసిందనో రాసేస్తారు. అనుభవమున్నవాళ్లకి రిపోర్టులోనే ఒక గుర్తు దొరుకుతుంది: యాంటీబయాటిక్స్‌లో జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగదు, కోఅమాక్సిక్లావ్‌కి మాత్రం లొంగుతుంది. ఇలా ఉండే క్రిములు అరుదు. జ్వరమనగానే ఊళ్లో ఇచ్చేసే సెఫ్‌ట్రయాక్సోన్ దీనికి సరిపోదు. రక్తంతోపాటు మూత్రం, చీము, గొంతు నుంచి తీసిన నమూనా కూడా కల్చరుకి పంపితే దొరికే అవకాశం పెరుగుతుంది. మగవాళ్లలో ప్రోస్టేట్‌లో కూడా గడ్డ దాక్కుంటుంది కాబట్టి స్కాన్ పొత్తికడుపు కింది దాకా తియ్యాలి.

మాత్రలతో జాగ్రత్తలు. మొదటి నెలలో వారానికోసారి రక్తకణాలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూపించాలి. బీపీకి టెల్మిసార్టాన్ గానీ రామిప్రిల్ గానీ వాడుతుంటే పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. షుగరుకి గ్లిమిపిరైడ్ వాడుతుంటే ఈ మాత్రల వల్ల షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమట, వణుకు, తడబాటు వస్తే వెంటనే పంచదార నీళ్లివ్వండి. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం మండలాల నుంచి వచ్చే రోగికి ఈ మందు రాసేముందు క్రియాటినిన్ చూడకపోవడం పెద్ద పొరపాటు. ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే అదే పూట ఆపి ఆసుపత్రికి వెళ్లండి. నీళ్లు బాగా తాగాలి, ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా సాధారణంగా కలుపుతారు. మనిషి నుంచి మనిషికి అంటడం అత్యంత అరుదు, కంచం వేరు చెయ్యక్కర్లేదు. వచ్చే ఊడ్పులకి మోకాలి బూట్లు లేకుండా మడిలో దిగనివ్వకండి. పుండు ఉన్న రోజున అసలు దిగనివ్వకండి.

ప్రశ్న: మా అత్తమ్మకి 60 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు. అంగిలంతా తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. నొప్పి లేదంటుంది. పంటి డాక్టరు ముక్క తీసి పరీక్షకి పంపుదామంటే ఒప్పుకోవడం లేదు. చుట్ట తిప్పి మామూలుగా కాల్చుకుంటానంటోంది.
(గార నుంచి ఒక కోడలు)

జవాబు: నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు ప్రపంచంలో కొద్దిచోట్లే ఉంది, వాటిలో మన తీరం ఒకటి. అంగిలి గట్టిభాగానికి క్యాన్సరు రావడం మామూలుగా అరుదు. ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో అది అరుదు కాకపోవడం చూసి బయటి దేశాల డాక్టర్లు కూడా ఇక్కడికి వచ్చారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి 1971లో వ్యాసం ప్రచురించారు. మామూలుగా సిగరెట్ తాగేవారిలో తెల్లటి అంగిలి, ఎర్ర చుక్కలు కనపడినా పెద్దగా భయపడరు. పొగ మానితే పోతాయి. అడ్డపొగలో పొగకి వేడి కూడా తోడవుతుంది కాబట్టి అవే మచ్చలని క్యాన్సరుకి ముందు దశగా చూడాలి. ఎర్ర చుక్కలు లాలాజల గ్రంథుల నోళ్లు, వాచి అలా కనపడతాయి. చుక్కలకన్నా భయపెట్టేవి వేరే: మందంగా లేచిన బుడిపె, పరుచుకున్న ఎర్రటి మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు.

ముక్క తియ్యడం అంటే అత్తమ్మగారు ఏదో పెద్ద ఆపరేషను అనుకుంటూ ఉండొచ్చు. తిమ్మిరి ఇంజెక్షను ఇచ్చి 4, 5 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. పావుగంట పని, ఆ పూటే ఇంటికొచ్చెయ్యొచ్చు, రెండు రోజులు చప్పిడి, చల్లటి తిండి తినాలి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్నది ఉత్త మాట. తెల్లటి చోటునుంచి తీసి ఎర్రటిది వదిలేస్తే ఫలితం మోసం చేస్తుంది, కాబట్టి ఎర్రటి, మందమైన చోటునే తియ్యాలి. ఫలితం బాగున్నా ఆరు నెలలకోసారి చూపించాలి. మధ్యలో మీరే నెలకోసారి కట్టుడుపళ్లు తీయించి, తల వెనక్కి వాల్చి, టార్చి వేసి చూడండి. ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకుంటే మార్పు తెలుస్తుంది. క్యాన్సరని తేలితే విశాఖ దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

చుట్ట తిప్పి కాల్చితే వేడి తగ్గుతుంది, విషం తగ్గదు. పూర్తిగా మానడానికి 1800 112 356 నంబరుకి ఉచితంగా ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. నికోటిన్ గమ్ ఇస్తే చాలామంది బబుల్‌గమ్‌లా గబగబా నమిలేసి వికారమంటారు. నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే చిగురుకీ బుగ్గకీ మధ్య దాచి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. పళ్లు లేనివారికి గమ్ కుదరదు, చర్మానికి అంటించే పట్టీలు అడగండి.

ప్రశ్న: జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని. చేతులు నల్లబడి పొక్కుతున్నాయి. ఈమధ్య మామిడిపండు తిన్నా పెదాల చుట్టూ పొక్కులొస్తున్నాయి. రెండింటికీ సంబంధం ఉందా?
(కాశీబుగ్గ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఉంది. జీడి, మామిడి, చాకలివాళ్లు గుర్తులు పెట్టే నల్లజీడి, మూడూ ఒకే కుటుంబం చెట్లు. జీడిపిక్క పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. అవి నేరుగా కాలుస్తాయి, కొందరిలో అలర్జీని కూడా నిద్రలేపుతాయి. ఒకసారి లేచాక మామిడి సొనలో, తొక్కలో ఉండే దాయాది పదార్థానికీ ఒళ్లు తిరగబడుతుంది. మామిడి గుజ్జుతో సాధారణంగా బాధ ఉండదు. తొడిమ దగ్గర కోసి సొన కార్చేసి, వేరేవాళ్లచేత తొక్క తీయించి, ముక్కలు చెంచాతో తినండి. చీక్కుని తినొద్దు.

పనిలో ఆముదమో కొబ్బరినూనో పట్టించడం మంచిదే, కానీ ఒకసారి రాసి పొద్దంతా ఉంటే పెంకు నూనె అందులోనే కలిసిపోతుంది. గంట, రెండు గంటలకోసారి తుడిచి కొత్తగా రాయాలి. లోపల నూలు తొడుగు, పైన మందపాటి రబ్బరు తొడుగు ఇంకా మేలు. పల్చటి తొడుగులోంచి నూనె దిగిపోతుంది, చిరిగిందో ఇంకా ప్రమాదం. మధ్యాహ్నం అన్నానికీ, మరుగుదొడ్డికీ వెళ్లేముందు రెండుసార్లు సబ్బుతో కడగండి, లేదంటే ఆ చెయ్యి తగిలినచోటల్లా పొక్కుతుంది. కిరసనాయిలుతో కడిగితే నలుపు పోతుంది, చర్మం పైపొర కూడా పోతుంది. పొక్కులు చితకొద్దు. మొహం వాచినా, కళ్ల చుట్టూ వచ్చినా చర్మవైద్యులు కొద్దిరోజులు స్టిరాయిడ్ మాత్రలివ్వాల్సి ఉంటుంది.

ప్రశ్న: కానాగంతల పులుసు తిన్న అరగంటకి ఇంట్లో నలుగురికీ మొహం ఎర్రబడి, తలపోటు, గుండెదడ. చేప పడదని, ఇక జన్మలో తినొద్దని చెప్పారు. నలుగురికీ ఒకేసారి పడకపోవడం ఏమిటి?
(పూసపాటిరేగ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ అనుమానం సరైనదే. అలర్జీ నలుగురికీ ఒకేసారి రాదు. కానాగంత, ట్యూనా లాంటి ముదురు కండ చేపల్లో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టాక ఐసు లేకుండా కొన్ని గంటలు ఎండలో ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అలర్జీలో మన ఒళ్లు పుట్టించే పదార్థమూ అదే కాబట్టి లక్షణాలు అచ్చం అలాగే ఉంటాయి. ఎంత ఉడికించినా, వేయించినా హిస్టమిన్ పోదు. వాసన కూడా తేడాగా ఉండకపోవచ్చు, కొందరికి నాలుక మీద మిరియం కొరికినట్టు ఉంటుంది. సెటిరిజిన్ లాంటి మాత్రతో తగ్గుతుంది. చాలామందికి ఒక రోజులోపే పోతుంది. ఊపిరి ఇబ్బందైనా, బీపీ పడిపోయినా, గుండెజబ్బు ఉన్నవారికైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. తాజా చేప మీరు నలుగురూ తినొచ్చు. బుట్టలో చేప ఎంత బరువుంటే ఐసు అంత బరువు ఉండాలి, పైన ఒక పొర చల్లితే సరిపోదు. ఇంటికి తెచ్చాక పొట్ట తీసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.